ఏడో వరుస మొగులు

నమోదు 1. ధనిష్ఠ కార్తె

పొద్దున లేచేసరికి గోడ మళ్ళీ మేకును కక్కేసింది. తువ్వాలు, పని బట్టలు, గుర్తింపు బిళ్ళ అన్నీ నేలమీద పడి ఉన్నాయి. మేకు ఉన్నచోట గీత కూడా లేదు. నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

పుండు మానినట్టు మానుతుంది కాబట్టి దీన్ని మానురాయి అంటారు. పాత బొగ్గుబాయిలో ఊరు కట్టాలంటే పగుళ్ళను తనంతట తానే పూడ్చుకునే రాయి ఉండాలి. మా ముందు తరం దీన్ని పోసింది కాబట్టే ఆరు వరుసల ఇళ్ళు నేలకింద నిలబడ్డాయి, పైన ఎండకు మాడిపోకుండా మేము బతుకుతున్నాం. కానీ ఈ రాయికి పగులేదో, మనం కావాలని కొట్టిన కంత ఏదో తెలియదు. రెండింటినీ మాన్పుతుంది. కంత నిలవాలంటే రాయి పోయకముందే అచ్చులో ఆ చోట ఆపుపూత పూయాలి. గట్టిపడ్డాక పూత అంటదు.

అందుకే నాకు ఉద్యోగం ఉంది. గాలి గొట్టం ఎటు రావాలి, మురుగు ఎటు దిగాలి, కరెంటు తీగ నీళ్ళకు ఎంత ఎడంగా ఉండాలి, ఇవన్నీ ఇల్లు గీసేవాడి నక్షలో ముందే ఇమిడేట్టు చూడటం నా పని. ఇమడకపోతే తగవు పెట్టుకోవడం కూడా నా పనే. పేరు దుర్గం సువార్త. ఈ నమోదులు ఊరి పెద్దలు చదువుతారని నాకు తెలుసు. చదవనీ.

ఏడో వరుస నక్ష ఈరోజు నా బల్లమీదికి వచ్చింది. పైన మిగిలిన చివరి గుడారాలవాళ్ళను రోహిణి ఎండలు ముదిరేలోపు కిందికి దించాలి. వాళ్ళకోసమే ఈ వరుస. గీసినవాడు పరాంకుశం వేణుమాధవ్. మధ్యలో పెద్ద హాలు, చుట్టూ గదులు, హాలు మీద ఎత్తైన గుండ్రటి కప్పు. ఆ కప్పుకూ కొండరాయికీ మధ్య ఆయన నాకు వదిలిన సందు జానెడు.

నా గాలి గొట్టంలో మనిషి పాకిపోవచ్చు. దాన్ని జానెడు సందులో పెట్టుకోమన్నాడు.

నమోదు 2. ధనిష్ఠ

ఆయన గదికి వెళ్ళాను. ఇంత బొగ్గుమసిలో ఈ మనిషి తెల్ల చొక్కా వేసుకుంటాడు. ఎవరు ఉతుకుతారో తెలియదు. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"సార్, ఈ సందుల గొట్టం పట్టదు," అన్నాను.

"సన్నగ చెయ్యి."

"సన్నగ చేస్తె మోత వస్తది గాని గాలి రాదు."

"నాలుగు సన్న గొట్టాలు పెట్టుకో."

"నాలుగు పెట్టినా పట్టదు. నేనొకటి చెప్త వినుండ్రి. ఊరందరికి చల్లగాలి దించే పాత గాలిబాయి సరిగ్గ ఈ హాలు నెత్తిమీదికెళ్ళే పోతది. కప్పు నడుమ జర చోటియ్యుండ్రి. అక్కడికెళ్ళి నిట్టనిలువుగ ఒక్క గొట్టం దించుత. ఇంకేం అడగ."

అప్పుడు తల ఎత్తాడు. "నడుమ గొట్టం దిగినంక అది మొగులెట్లయితది, సువార్తా?"

ఆయన కట్టేది హాలు కాదట, మొగులట. పల్చటి సున్నపు రేకుల వెనక దీపాలు పెట్టి, తెల్లవారడం నుంచి పొద్దుగూకడం దాకా ఆకాశం చూపిస్తాడట. మబ్బులు కూడా కదులుతాయట.

"ఊపిరాడకపోతె మబ్బులేం చేసుకుంటరు సార్?"

"నువ్వు కింద పుట్టినవ్. నీకు తెల్వదు," అని మళ్ళీ కాగితంలోకి వంగాడు.

కింద పుట్టడం నా తప్పయినట్టు. తలుపు గట్టిగా వేసి వచ్చాను.

నమోదు 3. శతభిషం కార్తె

మొదటి వరుసలో సభ పెట్టారు. ఊరి పెద్ద మీసాల గట్టయ్య నడిపించాడు. పరాంకుశం దుప్పటంత మొగులు ఒకటి తయారుచేసి గోడకు వేలాడదీసి చూపించాడు. ముందు బూడిదరంగు, తర్వాత లేత నీలం, చివరికి ఒక మూల ఎరుపెక్కి మెల్లగా ఆరిపోయింది. వెనక ఉన్నవాళ్ళు బల్లలెక్కి చూశారు.

గుడారాలవాళ్ళ తరఫున రాంటెంకి సరోజన దిగివచ్చింది. ఎండకు చర్మం చెట్టు బెరడులా అయిపోయిన మనిషి. లేచి నిలబడి అన్నది:

"పుట్టినకాడికెళ్ళి మొగులు కిందనే బతికినోళ్ళం. గదే మొగులు మా ఆయనను సంపింది, నా కొడుకును సంపింది. సంపని మొగులు ఒక్కటన్న సూడాలని ఉన్నది."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ సమయంలో నేను నోరు మూసుకోవాల్సింది అని తర్వాత అందరూ చెప్పారు. నేను మూసుకోలేదు.

"గాలి లేని మొగులు కూడ సంపుతదక్కా," అన్నాను.

హాలంతా ఒక్కసారి అరుపులు. ఎవరో 'కూర్చో కూర్చో' అన్నారు. గట్టయ్య బల్ల చరిచి నావైపు వేలు చూపించాడు. "సువార్తా, నీ నోరు మంచిది కాదు. మొగులు ఉంటది. నీ గొట్టం ఏ దిక్కుకెళ్ళి తెచ్చుకుంటవో తెచ్చుకో."

పరాంకుశం నావైపు చూడలేదు. చొక్కా చేతులు మడుచుకుంటూ దీపాలు సర్దుకున్నాడు. కొట్టినా బాగుండేది.

నమోదు 4. పూర్వాభాద్ర కార్తె

మిగిలింది ఒకటే దారి. ఆరో వరుసకూ ఏడో వరుసకూ మధ్య ఉండే గోడలో పెద్ద కంత పెట్టి, అక్కడినుంచి అడ్డంగా గాలి తేవాలి. అదే కంతలో నీళ్ళు, మురుగు, కరెంటు కూడా దూరాలి. ఒక సంచిలో నాలుగు పిల్లులను కుక్కడం లాంటిది.

కరెంటు చూసే అజ్మత్‌తో పొద్దంతా కొట్లాట.

"అక్కా, నా తీగల పక్కన నీళ్ళ గొట్టం పెడితె నేను సంతకం పెట్ట. చెమట పట్టి కారుతది."

"మరి నెత్తిన పెట్టుకోవాల్నా?"

"నీ ఇష్టం. నా పక్కన మాత్రం వద్దు."

చివరికి నీళ్ళు కిందికి, తీగలు పైకి, నడుమ గాలి. అచ్చు బిగించాక ఆపుపూత నేనే పూశాను. ఎవరిచేతా పూయించలేదు. ఎవరినీ నమ్మలేదు. పూత ఆరే దాకా అక్కడే కూర్చుని, దగ్గరికి వచ్చిన ప్రతివాణ్ణీ కసిరాను. తర్వాత పైన గాలిబాయి పంకా చెడిపోయిందని కబురు వస్తే దాన్ని బాగుచేయడానికి ఎక్కాల్సి వచ్చింది. రాయి పోసేనాటికి దిగుతానని చెప్పి వెళ్ళాను.

నమోదు 5. ఉత్తరాభాద్ర కార్తె

నేను దిగేసరికి రాయి పోసేశారు. ఆరిపోయింది కూడా.

నేను పూత పూసిన కంత అలాగే ఉంది. దాని ముందు ఒక స్తంభం నిలబడి ఉంది. స్తంభాల వరుస కంటికి సరిగా కనపడటం లేదని పరాంకుశం చివరి నిమిషంలో ఆ స్తంభాన్ని పక్కకు జరిపాడట. నాకు కబురు పంపలేదు. కంత మూసుకుపోయిందని తెలిశాక పనివాళ్ళచేత ఇంకోచోట గోడ పగలగొట్టించి ఉక్కు గొట్టం దూర్చాడు. ఆ కొత్త కంతకు పూత లేదు.

ఆయన్ను పనిచోటే పట్టుకున్నాను.

"ఇది మానుతది. మీకు తెల్వదా?"

"లోపల ఉక్కు ఉన్నది. రాయి ఉక్కునేం చేస్తది?"

"పిండుతది."

"పదేండ్లు పడ్తది. అప్పటికి మార్చుకోవచ్చు."

"తేమ తగిలితె ఈ రాయి బిరాన పెరుగుతది సార్. రేపు ఇక్కడ మంది ఉంటరు. వాళ్ళ ఊపిరి, వాళ్ళ వంటలు, తానాలు, అంత తేమనే."

పనివాళ్ళంతా చేతులు ఆపి చూస్తున్నారు. ఆయన ముఖం కందిపోయింది. "నీ గొట్టం కోసం ఊరు కట్టుకుంటలేం. మనుషుల కోసం కట్టుకుంటున్నం," అన్నాడు.

గట్టయ్య దగ్గరికి వెళ్ళాను. ఏడో వరుసలోకి మనుషులను దించొద్దని, ఒప్పుకోలు సంతకం పెట్టనని చెప్పాను. నా బదులు వేరేవాళ్ళచేత పెట్టించాడు.

నమోదు 6. అశ్వని కార్తె

గుడారాలవాళ్ళు దిగారు. మూటలు, కుండలు, మడతపెట్టిన గుడారపు గుడ్డలు మోసుకుని ఆరో వరుస మీదుగా నడిచివెళ్ళారు. ఆరో వరుసవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ముక్కులు మూసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక రెండు వరుసల మధ్య తలుపుకు తమవైపు నుంచి గడియ పెట్టారు. నా ఇల్లూ ఆ వరుసలోనే. గడియ తీయమని అడిగితే, ఎండలో కుళ్ళిన రోగాలు మాకెందుకని పక్కింటావిడ నామీదికి లేచింది.

తాళంచెవి నా దగ్గరుండే పనివాళ్ళ తలుపు గుండా ఏడో వరుసకు వెళ్ళాను. హాలు నిండా మనుషులు నేలమీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నారు. మధ్యాహ్నపు నీలం. ఒక మబ్బు మెల్లగా జరుగుతోంది. సరోజన, ఆమె చెల్లెలు లచ్చక్క పక్కపక్కన పడుకుని, చిన్నపిల్లల్లా మబ్బుకు వేళ్ళు చూపిస్తూ ఏదో చెప్పుకుంటున్నారు.

బాగుంది. రాయక తప్పదు, చాలా బాగుంది. కాసేపు నేనూ తల ఎత్తి నిలబడ్డాను. ఆయనమీద కోపం ఇంకా పెరిగింది.

నమోదు 7. భరణి కార్తె

ఉక్కు గొట్టం లోపలికి లాంతరు పట్టి చూశాను. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. రాయి రెండు పక్కలా నొక్కుతోంది. గట్టయ్యకు చెప్పాను. పరాంకుశాన్ని అడుగుతానన్నాడు. పరాంకుశం, ఉక్కు కొంత సర్దుకోవడం మామూలేనన్నాడట.

నమోదు 8. కృత్తిక కార్తె

ఏడో వరుసలో అందరికీ తలనొప్పి. పొద్దెక్కినా లేవలేకపోతున్నారు. దిగువ మూలగదుల్లో దీపం వత్తి పొట్టిగా వెలుగుతోంది. చెడ్డ గాలి అక్కడే నిలిచిపోతోంది.

గోడను మళ్ళీ కొట్టించాను. నొక్కుకుపోయిన గొట్టం తీసి కొత్తది పెట్టాం. వారం తిరక్కుండా అది కూడా నొక్కుకుపోయింది. కొట్టిన చోట రాయి ముందటికంటే తొందరగా, ముందటికంటే గట్టిగా పెరుగుతోంది. ఇంకోసారి కొట్టించాను. సుత్తి దెబ్బకు నిప్పురవ్వలు వచ్చాయి గాని పెచ్చు రాలేదు.

మూలగదిలో ఒంటరిగా ఉండే బక్కయ్య ఈరోజు లేవలేదు. పైన గుడారాల్లో మేకలు కాచిన మనిషి. ముసలితనం అన్నారు. నేను వెళ్ళి చూశాను. పెదాల రంగు చూశాను. గది గుమ్మం దగ్గర నా చేతిలో లాంతరు రెపరెపలాడి చిన్నదైపోయింది.

బయటికి వచ్చి హాల్లోనే చెప్పాను. "ఆయనను ముసలితనం సంపలే. గాలి లేక పోయిండు. అందరు పై వరుసలకు నడువుండ్రి."

సరోజన నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏ పై వరుసలకు? తలుపు మూసుకున్నోళ్ళ ఇండ్లల్లకా? లేకుంటె ఇంకా పైకా, ఎండలకా? మొదటిసంది నీకు మేం ఇక్కడుండుడు ఇష్టం లేదు. సభలనే చూసిన."

"అక్కా, నేను చెప్పేది..."

"నన్ను అక్క అనకు. మమ్ముల ఎల్లగొట్టే నకరాలు ఇవన్ని. నడువు."

నడిచాను. వెనక ఎవరో ఉమ్మేసిన చప్పుడు. తిరిగి చూడలేదు.

నమోదు 9. రోహిణి కార్తె

దారి ఒకటే మిగిలింది. నేను మొదట అడిగిందే. గాలిబాయి ఏడో వరుస మొగులుకు సరిగ్గా పైన ఉంది. మొగులు రేకులు సున్నంవి, మానురాయి కాదు. కోస్తే మళ్ళీ పూడుకోవు. రేకు కోసి, దాని పైన కొండరాయిలో బయటికి కనపడే గాలిబాయి ప్రధాన గొట్టానికి కంత పెట్టి, నిలువుగా గాలి దించొచ్చు. హాలు నడుమ వికారంగా ఒక గొట్టం వేలాడుతుంది. వేలాడనీ.

గట్టయ్యను అడిగితే, మొగులు ముట్టుకుంటే గుడారాలవాళ్ళు తిరగబడతారు, వద్దన్నాడు. అనుమతి లేకుండానే అజ్మత్‌ను తీసుకుని నిచ్చెన, కోత యంత్రం మోసుకుని వెళ్ళాను. రేకుల వెనక తీగలున్నాయి కాబట్టి కరెంటు ఆపాలి. మొగులులో నిండు మధ్యాహ్నం ఉండగా అజ్మత్ మీట దించాడు.

చీకటి పడగానే పెట్టిన కేకలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. వాళ్ళకది దీపం ఆరడం కాదు. నిచ్చెన కాళ్ళు పట్టి గుంజేశారు. నేను సగం ఎత్తు నుంచి పడ్డాను. చెప్పులు, గిన్నెలు, ఎవరి చేతికి ఏది దొరికితే అది విసిరారు. అజ్మత్ నామీద అడ్డం పడి వీపుమీద దెబ్బలు తిన్నాడు. పాకుతూ వెళ్ళి మీట ఎత్తాడు. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఆ వెలుగులో వాళ్ళ ముఖాలు చూశాను. ఒక్కరి ముఖంలో కూడా రక్తం లేదు. అరిచినందుకే ఆయాసపడి గోడలకు ఆనుకుంటున్నారు. నన్ను కొట్టడానికి కూడా వాళ్ళకు ఊపిరి చాలడం లేదు.

"ఇంకొక్కసారి మా మొగులు మీద చెయ్యేస్తె సంపుతం," అన్నది సరోజన. ఆ మాట అనడానికి రెండుసార్లు ఆగింది.

నమోదు 10. రోహిణి

మోకాలు వాచింది. కట్టు కట్టుకుని ఇంట్లో పడి ఉంటే రెండు వరుసల మధ్య తలుపు మీద దబదబా బాదుతున్న చప్పుడు. ఆరో వరుసవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఉన్నారు గాని ఎవరూ కదలడం లేదు. గడియ తీయబోతే పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆమెను నెట్టేశాను. గోడకు తల తగిలి శాపనార్థాలు మొదలుపెట్టింది. పెట్టనీ అనుకున్నాను.

తలుపు తెరిస్తే సరోజన. భుజం మీద చెల్లెలు లచ్చక్క, తల వెనక్కి వాలిపోయి. నా ఇంట్లోనే, గాలి తూము కింద పడుకోబెట్టాం. సరోజన ఆమె చెంపలు కొడుతూ, "లచ్చీ, ఓ లచ్చీ, లెవ్వే," అంటోంది. చాలాసేపటికి లచ్చక్క ఛాతీ ఒక్కసారి ఎగిసింది. దగ్గింది. కళ్ళు తెరిచింది గాని మాట తడబడుతోంది. అక్క పేరు రావడం లేదు ఆమె నోటికి.

సరోజన చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తలెత్తి గాలి తూము వైపు చూసింది. అక్కడినుంచి వచ్చే గాలికి ఆమె నెరిసిన వెంట్రుకలు కదులుతున్నాయి. క్షమించమని అడగలేదు. నేనూ ఎదురుచూడలేదు. కాసేపటికి అడిగింది:

"ఎంత కొయ్యాలె?"

నమోదు 11. రోహిణి, అదే రోజు

సరోజన ముందు నడిచింది, వెనక నేను కుంటుకుంటూ. హాల్లో ఆమె ఏం చెప్పిందో నాకు సరిగా వినపడలేదు. నిచ్చెన ఈసారి వాళ్ళే పట్టుకున్నారు. అజ్మత్ మొగులు ఆర్పి, విడిగా నాలుగు లాంతర్లు వేలాడదీశాడు. నేను యంత్రం ఎత్తి రేకుకు ఆనించానో లేదో, కింద నుంచి గొంతు.

"అక్కడ కొయ్యకు."

పరాంకుశం. జనం దారి ఇవ్వకపోయినా తోసుకుంటూ వస్తున్నాడు. నేను యంత్రం దించలేదు.

"ఇగ ఆపలేరు సార్. పోండ్రి."

"ఆపుతలేను. నువ్వు పెట్టినచోట లోపల కప్పును మోసే పెద్ద ఎముక ఉన్నది. అది తెగితె మొత్తం కప్పు ఈ మంది మీద పడ్తది."

యంత్రం దించాను.

ఆయన రెండో నిచ్చెన ఎక్కాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, చేత్తో రేకులు తట్టి చూసుకుంటూ పక్కకు జరిగాడు. ఎక్కడ ఎముక ఉందో, ఎక్కడ ఉత్త రేకు ఉందో ఆయనకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. పొద్దుగూకేటప్పుడు ఎరుపెక్కే చోటు దగ్గర ఆగి గుండ్రంగా ఒక గీత గీశాడు.

"ఇంత."

"సాలదు. దీనికి రెండింతలు కావాలె."

"రెండింతలంటె అటు ఎముక తగుల్తది."

"ఈ కంతతోని సగం మందికి గాలి రాదు. ఏ సగాన్నో మీరే చెప్పుండ్రి."

"కొలత తెల్వకుండ మాట్లాడకు!"

"ఊపిరి కొలత నాకు తెలుసు, మీకే తెల్వదు. బక్కయ్య గదిల ఎప్పుడన్న అడుగు పెట్టినరా?"

 కింద నుంచి సరోజన అరిచింది. "మీ కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి! ఇక్కడ ఊపిర్లు పోతున్నయి!"

ఇద్దరం నోరు మూశాం. ఎముక జరగదు, నా గాలి తగ్గదు. సుద్ద ఆయన చేతిలోంచి లాక్కుని, రెండు ఎముకల మధ్య గుండ్రంగా కాకుండా పొడుగ్గా గీశాను. సొరకాయలాగా సన్నగా, పొడవుగా. గొట్టాన్ని చదునుగా చేస్తే అందులో పడుతుంది. ఆయన ఆ గీతను చూశాడు. ఒక చివర వేలితో కొంచెం చెరిపి లోపలికి జరిపాడు.

"ఇప్పుడు కొయ్యి. మెల్లగ. ఈ మూలకెళ్ళి మొదలుపెట్టు."

కోశాను. ఆయన రేకును అరచేతులతో మోసి పట్టుకున్నాడు. సున్నపుపొడి ఆ తెల్ల చొక్కా నిండా, కళ్ళ నిండా పడింది. చదునైన గొట్టం మా దగ్గర లేదు. ఉక్కు వంచే తీరిక లేదు. కింద ఆడవాళ్ళు తమ గుడారపు గుడ్డలు పరిచి, రెండు పొరలుగా మడిచి, దబ్బనాలతో అంచులు కుట్టారు. పైనున్న ప్రధాన గొట్టానికి నేను కంత పెట్టగానే చల్లగాలి నా ముఖాన కొట్టింది. గుడ్డ గొట్టం బుస్సుమని ఉబ్బి, పాములా మెలికలు తిరిగి, తిన్నగా నిలబడింది.

దాని నోటి కిందికి జనం ఎగబడ్డారు. సరోజన పిల్లలున్న తల్లులను ముందుకు తోసి, మిగతావాళ్ళను మోచేతులతో వెనక్కి నెట్టింది. నేను నిచ్చెనమీదే కూర్చుండిపోయాను. పక్క నిచ్చెనమీద పరాంకుశం. ఆయన కళ్ళలో పడిన సున్నం తుడుచుకుంటున్నాడు. అజ్మత్ మొగులు వెలిగించాడు. ఎరుపెక్కే మూల మాత్రం చీకటిగా ఉండిపోయింది.

నమోదు 12. మృగశిర కార్తె

సభ. ఎవరికీ నేను నచ్చలేదు. గాలిలో తమ వంతు తగ్గిందని ఆరో వరుసవాళ్ళు అరిచారు. పక్కింటావిడ తలకట్టు చూపించి నామీద ఫిర్యాదు పెట్టింది. అనుమతి లేకుండా మొగులు ముట్టుకున్నందుకు గట్టయ్య నాకు మందలింపు రాయించాడు. ఏడో వరుసలో కొందరు ఆ గొట్టానికి బొట్టు పెడుతున్నారట. ఇంకొందరు దాన్ని చూడలేక గదుల తలుపులు అటువైపు తెరవడం మానేశారట.

"తప్పు ఎవరిదీ కాదు. రాయి గుణమే అంత," అని గట్టయ్య తేల్చాడు.

"బక్కయ్య చావు కూడ రాయి గుణమేనా?" అని అడిగాను.

కూర్చోమన్నారు. కూర్చోలేదు. పరాంకుశం వైపు చూశాను. ఆయన లేచాడు. స్తంభం జరిపింది తానేనని, సువార్తకు చెప్పలేదని, చెప్పి ఉంటే ఆమె ఆపేదని, అందుకే చెప్పలేదని అన్నాడు. గొంతులో బాధ ఉందో లేదో నాకు తెలియదు, కొలతలు చదివినట్టు చదివాడు. గట్టయ్య సర్దిచెప్పబోతే ఆయన వినకుండా బయటికి నడిచాడు.

 బయట మెట్లమీద సరోజన నన్ను ఆపింది. లచ్చక్కకు మాటలు కొన్ని వస్తున్నాయట. 'మబ్బు' అంటుందట గాని అక్క పేరు ఇంకా రావడం లేదట.

"నువ్వు మొదటిసారి వచ్చిన్నాడు నిచ్చెన గుంజింది నేనే," అంది.

"తెలుసు."

"మోకాలు ఎట్లున్నది?"

"నొస్తున్నది."

తల ఊపి వెళ్ళిపోయింది.

నమోదు 13. ఆరుద్ర కార్తె

పైన వానలు పడ్డాయట. ఏడో వరుస ఇరుకు తగ్గించడానికి ఎనిమిదో వరుస తవ్వకం మొదలుపెట్టమని ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఏ నక్షమీదైనా నాదీ పరాంకుశందీ ఇద్దరి సంతకాలు ఉంటేనే రాయి పోస్తారు. మా ఇద్దరికీ ఇంతకంటే పెద్ద శిక్ష గట్టయ్య ఆలోచించి ఉండడు.

పరాంకుశం మొదటి వరుసలోని తన ఇల్లు వదిలేసి, ఏడో వరుసలో బక్కయ్య ఉన్న మూలగదికి మారాడని అజ్మత్ చెప్పాడు. అక్కడ ఆయనతో ఎవరూ మాట్లాడరు. చొక్కా తనే ఉతుక్కుని గుమ్మం ముందు ఆరేసుకుంటాడట. అది పశ్చాత్తాపమో, తన మొగులుకు కాపలానో నాకు తెలియదు. అడగను కూడా. బక్కయ్య ఎలాగూ తిరిగి రాడు.

ఈరోజు ఆయన నా గదికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నేనే ఆయన గదికి వెళ్ళాను. చంకలో చుట్టిన కాగితం. బల్లమీద పరిచాడు. కొండరాయి హద్దులు తప్ప అందులో ఏమీ లేదు.

"ఏందిది?" అన్నాను.

"ముందు నీ గొట్టాలు గియ్యి. నా గోడలు తర్వాత."

ఎగతాళి చేస్తున్నాడేమో అని ముఖం చూశాను. ఏమీ తెలియలేదు. కూర్చోమని అనలేదు. ఆయన నిలబడే ఉన్నాడు. నేను పెన్సిల్ తీసుకుని, ఆయన ఎక్కడ హాలు పెట్టాలనుకుంటాడో నాకు తెలుసు కాబట్టి, సరిగ్గా ఆ నడిమధ్య నుంచి అన్నిటికంటే లావు గాలి గొట్టం గీశాను. కావాలనే గీశాను. ఒత్తి గీశాను, కాగితం చిరిగేంత.

ఆయన ఆ గీత మీదికి వంగాడు. పెన్సిల్ అడగలేదు. వేలితో గీత నడుమ ఒక చోట తాకాడు.

"ఇక్కడ ఏమన్న జరుగుతదా ఇది?"

"జరగదు."

"సరే," అన్నాడు. కాగితం తనవైపు తిప్పుకుని, ఆ గొట్టం చుట్టూ గోడలు ఎలా నిలబెట్టాలా అని కొలుస్తూ కూర్చున్నాడు. వాదించలేదు. గొణగలేదు. నేను అజ్మత్ పంపిన తీగల లెక్క ముందేసుకుని చూడసాగాను గాని ఒక్క అంకె కూడా తలకెక్కలేదు. ఆయన గీస్తున్నాడు, చెరుపుతున్నాడు, మళ్ళీ గీస్తున్నాడు.

"ఒక మూర," అన్నాను, తల ఎత్తకుండా. "ఒక్క మూర జరుగుతది. అంతకంటె ఎక్కువ అడగకుండ్రి."